తొమ్మిదో ఏటి సెట్టర్

4 మే 1998, ఉదయం 9

ఎనిమిదేళ్లుగా కాలేజీ వాలీబాల్ టీమ్‌కి ఆడుతున్నాను. ఈ రోజు చట్టవిరుద్ధమైపోయాను.

సమ్మర్ క్యాంప్ ప్రాక్టీస్ అయ్యాక షూ లేసులు విప్పుకుంటుంటే స్పోర్ట్స్ ఆఫీసర్ బలరాం సర్ యూనివర్సిటీ సర్క్యులర్ చదివి వినిపించారు. జూలై నుంచి కొత్త రూల్. ట్వెల్త్ పాసైన తరవాత ఐదేళ్ల వరకే యూనివర్సిటీ టోర్నమెంట్లు ఆడనిస్తారు. ఆడినా, ఆడకపోయినా ఐదేళ్లే.

నేను ట్వెల్త్ పాసైంది 1990లో. బీఏ నాలుగేళ్లు (ఇంగ్లీషు ఒకసారి పోయింది). ఎం.ఏ. హిందీ రెండేళ్లు. ఎం.ఏ. సోషియాలజీ రెండేళ్లు. జూలైలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌లో చేరాలని ప్లాన్.

టీమంతా నా వైపు చూసింది. జాలిపడుతున్నారనుకున్నాను. లెక్క వేస్తున్నారట. నేను ట్వెల్త్ పాసైనప్పుడు తను ఐదో క్లాసని ఫస్ట్ ఇయర్ పిల్ల ఒకతె ప్రకటించింది.

4 మే, సాయంత్రం

నాన్నకి ఆ రూల్ తెగ నచ్చేసింది. ఆయన పేరు గురునాథరావు, మా తెలుగు ఊరు వదిలి దుర్గ్ పక్కన ఈ హిందీ ఊరొచ్చి, స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్. జూన్ 30తో యాభై ఎనిమిది నిండి రిటైరవుతాడు.

"దేనికైనా ఒక ఏజుంటాదే అమ్మలూ. ముందోడు లెగిస్తేనే ఎనకోడు కూకుంటాడు. నన్ను సూడు, నానేవన్నా ఏడస్తన్నానా?" అన్నాడు.

ఏడవడం లేదు, నిజమే. కాని గోడ మీద క్యాలెండర్లో జూన్ పేజీ ఆయనే చింపేశాడని అమ్మ తరవాత చెప్పింది.

"బాబు రిటైరు, కూతురు రిటైరు. నా వంటిల్లు ఎప్పుడు రిటైరవుతాదో" అని కూడా అంది.

7 మే

సర్క్యులర్ చివర చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంది. వైస్ ఛాన్సలర్ ఇష్టపడితే ఒక ఏడాది మినహాయింపు ఇవ్వవచ్చు. బలరాం సర్ గోటితో గీసి చూపించారు. వెంటనే దరఖాస్తు రాశాను. చదువుకోవడానికి వయసు అడ్డం కానప్పుడు బంతి ఆడటానికి ఎందుకయిందని, ఫీజు కట్టిన ప్రతి విద్యార్థీ విద్యార్థేనని, రెండు పేజీలు. ఫారంలో మాత్రం కారణం అనే చోట ఒకే ఒక్క గీత ఉంది. "పొలిటికల్ సైన్స్ మీద చిన్నప్పటి నుంచి ఉన్న మక్కువ" అని రాశాను.

సర్ అది చదివి చాలాసేపు దగ్గారు.

8 మే

అసలు కారణం: కోర్టు బయట నేనేమిటో నాకు తెలియదు.

21 మే

గవర్నమెంటు రిటైర్మెంట్ వయసు అరవై చేసింది. ప్లాంటుకి కూడా వర్తిస్తుందట.

నాన్న అరకిలో జిలేబీతో వచ్చాడు. "నానెల్లిపోతే ఆ మిల్లు ఎవుడు సూస్తాడే? ఎక్స్‌పీరియన్సుకి వయసేటి?" అన్నాడు. ముందువాడు లేస్తేనే వెనకవాడు కూర్చుంటాడన్న మాట ఏమైందని అడిగాను. టీవీ సౌండ్ పెంచాడు.

వెనక క్వార్టర్ సూర్యారావు వచ్చాడు. మిల్లులో నాన్న తరవాతి మనిషి. జూలై ఒకటిన ఆ కుర్చీ తనదేనని అతనికీ తెలుసు, క్వార్టర్లున్న మా సెక్టార్ మొత్తానికీ తెలుసు. కంగ్రాచ్యులేషన్స్ చెప్పి ఒక జిలేబీ తీసుకుని, సగం తిని, సగం ప్లేటులో పెట్టి వెళ్లిపోయాడు. ఎప్పుడూ బాబాయ్ అని పిలిచేవాడు, ఈ రోజు సర్ అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వెనక ఉన్నవాళ్ల గురించి ఆలోచించవా అని నాన్నకి పావుగంట క్లాసు పీకాను. అమ్మ పప్పు ఎనుపుతూ విని, "అయితే నీ దరకాస్తు ఎనక్కి తీసేసుకున్నావేటే?" అంది.

అది వేరే అన్నాను. అదే క్షణంలో నాన్న కూడా "ఇది వేరే" అన్నాడు. ఈ మధ్య మేమిద్దరం ఒప్పుకున్న విషయం ఇదొక్కటే.

11 జూలై

మూడో ఎం.ఏ. అడ్మిషన్. ఈసారి ఏ సబ్జెక్ట్ దీదీ అని క్లర్క్ అడిగాడు. నేను చెప్పకముందే లిస్టు చూసి, ఇంకా ఏడు మిగిలాయని ధైర్యం చెప్పాడు.

3 ఆగస్టు

ఎడమ చిటికెన వేలు వాచింది. రెండు వారాలు టేప్ చుట్టుకుని ఉండాలి. సెట్టర్‌కి పదివేళ్లూ కావాలి. బంతిని మెత్తగా పైకి లేపి ఇవ్వడమే సెట్టర్ పని, దాన్ని అవతలి కోర్టులోకి కొట్టి చప్పట్లు తెచ్చుకునేది స్పైకర్. కాబట్టి ఈ రోజు ఛాయ సెట్ చేసింది, ఖాళీగా ఉండలేక నేను కొట్టాను.

ఛాయ ఉతై అనే పల్లె నుంచి బస్సులో వస్తుంది. మూడేళ్లుగా సబ్‌స్టిట్యూట్ సెట్టర్. అంటే మూడేళ్లుగా నాకు వాటర్ బాటిల్ అందించే మనిషి. తన గురించి నాకు తెలిసింది అంతే.

బంతి లేపి ఇచ్చింది. నేను ఎగిరేసరికి బంతి అక్కడే ఉంది, నా కోసం ఆగినట్టు. నేను ఐదడుగుల రెండంగుళాల మనిషిని. అయినా నెట్ పైనుంచి కొట్టాను! మళ్లీ ఇచ్చింది. మళ్లీ కొట్టాను. ఎనిమిదేళ్లూ బంతి ఇచ్చింది నేనే. నాకు ఎవరూ ఇవ్వలేదు. అలా ఇస్తే ఎంత బాగుంటుందో ఈ రోజే తెలిసింది.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. బెంచీ మీద, అంది హిందీలో. మూడేళ్లుగా మీ చేతులే చూస్తున్నాను దీదీ, అక్కడ ఇంకేం పనుంటుంది అంది. మీరు బంతిని కాస్త లేటుగా వదుల్తారు, అని కూడా అంది.

కోపం వచ్చింది. ఇంటికొచ్చి గోడ మీద కుడిచేత్తో కొట్టి చూసుకున్నాను. లేటే.

4 ఆగస్టు

ఛాయకున్న ఐదేళ్లలో మూడు బెంచీ మీద అయిపోయాయి. ఈ ఏడు నేనాడితే తనకి మిగిలేది ఒక్క ఏడు. ఆటగాళ్లకి ఉద్యోగాలివ్వడానికి టోర్నమెంట్‌కి వచ్చే రైల్వే సెలెక్టర్లు కోర్టులో ఉన్నవాళ్లనే చూస్తారు. బెంచీ మీద వాళ్లని చూడటానికి ఎవరూ టికెట్ కొనుక్కుని రారు.

సర్క్యులర్ రాసినవాళ్ల ఉద్దేశం నాలాంటి వాళ్లని లేపడం, సరే. కాని కూర్చున్న ఏళ్లని కూడా ఆడినట్టే లెక్కేస్తే ఎలా? నన్ను ఆపడానికి రాసిన రూల్ తగిలేది ఛాయకి. ఈ పాయింట్ నా రెండు పేజీల దరఖాస్తులో లేదు.

12 ఆగస్టు

మినహాయింపు వచ్చింది. బలరాం సర్ కాగితం ఊపుకుంటూ గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఛాయ ఒక క్షణం ఆలస్యంగా కొట్టింది. ఆ పిల్ల దేనికీ ఆలస్యం చేయదు.

నాన్న పొంగిపోయాడు. తండ్రీకూతుళ్లిద్దరికీ ఎక్స్‌టెన్షనే అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, సూర్యారావు డ్యూటీ మాటలు తప్ప ఇంకేం మాట్లాడటం లేదన్నాడు. "రోజల్లా నా ఎనకాలే నిలబడి సూస్తాడే. ఈపు దురదెడతంది."

20 ఆగస్టు

వేలు తగ్గిపోయి మూడు రోజులైంది. టేప్ తీయలేదు.

22 ఆగస్టు

టేప్ తీసేసి నేరుగా బలరాం సర్ రూమ్‌కి వెళ్లాను. ఈ ఏడు ఛాయ సెట్టర్ అని చెప్పాను. నీ కాగితం కోసం యూనివర్సిటీ చుట్టూ నాలుగుసార్లు తిరిగానని సర్ అరిచారు. పోనీ నన్ను స్పైకర్‌గా పెట్టండి అన్నాను. నన్ను కింద నుంచి పైదాకా చూశారు. అందుకు ఎక్కువసేపు పట్టలేదు.

మినహాయింపు తిరిగి ఇచ్చేయడానికి యూనివర్సిటీలో ఫారమే లేదట. ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదట. తెల్లకాగితం మీద రాసిచ్చాను. కారణం అని నేనే ఒక గీత గీసి "ఛాయ బాగా ఆడుతుంది" అని రాశాను. ఈసారి సర్ దగ్గలేదు. వచ్చేనెల దుర్గ్‌లో రిఫరీ పరీక్ష ఉంది, రూల్స్ మీద ఇంత గోల చేసేదానివి ఒకసారి రూల్ బుక్ కూడా చదువు అన్నారు.

ఛాయ థాంక్స్ చెప్పలేదు. మొహం అటు తిప్పుకుని వెళ్లి నెట్ బిగించింది. బిగించిందే మళ్లీ బిగించింది. నేను బెంచీ మీద కూర్చోబోతుంటే అక్కడి నుంచే కేకేసింది:

"దీదీ, ఆ చివర మేకుంది, సంభాల్‌కే, జాగ్రత్త!"

22 ఆగస్టు, సాయంత్రం

ఇంటికి రాగానే విషయం చెప్పాను. ఇంకా చెప్పులు కూడా విడవలేదు.

"నువ్వు ఒగ్గేసినావని నన్నూ ఒగ్గేయమంటావేటే?" అని లేచాడు నాన్న.

"నేనేమన్నాను?"

"నీది దరకాస్తు. అడిగి తెచ్చుకున్నావు. నాది గవర్నమెంటు ఆర్డరు. నానడిగినానా?"

అన్నానికి కూర్చున్నాం. మజ్జిగ దగ్గరకొచ్చాక, సోమవారం నుంచి మిల్లు సూర్యారావుకి అప్పజెప్తానన్నాడు. "నాను కుర్సీలో కూకుంటాను. ఆడే సూసుకుంటాడు."

"ఇన్నాళ్లూ జరిగింది అదే కదేటి" అంది అమ్మ.

నాన్నకి నవ్వొచ్చింది. నాకు ఎందుకో ఏడుపొచ్చింది. మజ్జిగ కారంగా ఉందని చెప్పాను.

27 సెప్టెంబర్

రిఫరీ పరీక్ష పాసయ్యాను. తొలి ప్రయత్నంలోనే! బీఏ ఇంగ్లీషుకి ఈ సంగతి తెలియాలి.

10 అక్టోబర్

యూనివర్సిటీ టోర్నమెంట్‌లో మావాళ్లు సెమీఫైనల్లో ఓడిపోయారు. గ్యాలరీలో మూడో వరసలో కూర్చుని అరిచి గొంతు పోగొట్టుకున్నాను. మ్యాచ్ అయ్యాక రైల్వే సెలెక్టర్ ఒకాయన ఛాయ పేరు, ఊరు, ఎత్తు రాసుకున్నాడు. నేను ఆడి ఉంటే గెలిచేవాళ్లమా అని ఒక నిమిషం ఆలోచించాను. గెలిచేవాళ్లం కాదు. ఇది ఈ డైరీలో తప్ప ఎక్కడా ఒప్పుకోను.

25 అక్టోబర్

జాముల్ ఓపెన్ టోర్నమెంట్. రిఫరీగా నా మొదటి మ్యాచ్. రెండో సెట్‌లో ఛాయది డబుల్ టచ్, బంతి తన చేతులకి వరసగా రెండుసార్లు తగిలింది. విజిల్ వేశాను. ఇప్పుడు కెప్టెన్ తనే కాబట్టి నా కుర్చీ కిందికి వచ్చి వాదించింది. ఎల్లో కార్డ్ చూపించాను.

తిరిగి ఒకే ఆటోలో వచ్చాం. తను ఆ చివర, నేను ఈ చివర.

డబుల్ టచ్చే.