చుక్కమ్మ, నల్లయ్యల కాపురం

పుణె

అత్తమ్మకు సుష్మ నమస్కారాలు.

ఫోనులో చెబితే మరిచిపోతున్నానని, వీధిలో చదివి వినిపించేందుకు నా పరిశోధన గురించి కాగితం మీద రాయమన్నావు కదా. ఆకాశంలో ఒక జంట ఉంది. ఒకటి నక్షత్రం, రెండోది కంటికి కనబడని కృష్ణబిలం. నువ్వు మగ్గం దగ్గర కండెకు నూలు చుట్టినట్టు, అది నక్షత్రం ఒంటిమీది వాయువును లాగి తన చుట్టూ చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్న వాయువు కాగిపోయి, ఆ వేడికి ఎక్స్‌రే వెలుగు పుడుతుంది. అక్కడినుంచి చిమ్మే ధారల్లో పరారుణ కాంతి వస్తుంది. అది ఎక్స్‌రే వెనకే రెప్పపాటులో వస్తుందా అన్నదే నేను చూడాలి. నెలాఖరులో టెలిస్కోపు నా వంతుకు వస్తుంది.

నీ మేనకోడలు సుష్మ

గద్వాల

చిరంజీవి సుష్మకు కౌసల్య అత్త దీవెనలు.

మగ్గాలు ఆపించి మరీ నీ ఉత్తరం చదివాను. చుక్కల చదువు చదివే పిల్ల ఈ వీధిలో ఇంకెవరింట్లో ఉంది! కానీ ఆ జంట సంగతి విని అందరూ అయ్యో పాపం అన్నారు. "ఎక్స్‌రే తీసేదాంక కొట్టిండా? ఏం మొగుడే వాడు!" అని జములమ్మ వదిన కళ్లొత్తుకుంది. మీ మామ మాత్రం, "ఆకాశంల లొల్లి నీకెందుకే?" అన్నారు. నా మనసు ఒప్పలేదు. అలంపురం వెళ్లి, ఆ కాపురం చల్లబడాలని జోగులమ్మకు కుంకుమార్చన చేయించాను.

మీ అత్త

తా.క.: పూజారి పేర్లు అడిగితే చుక్కమ్మ, నల్లయ్య అని చెప్పాను. గోత్రం తెలియక మనదే చెప్పించాను. ఇక వాళ్లూ మనవాళ్లే.

పుణె

అత్తమ్మా, ఎంత పని చేశావు!

ఎవరూ ఎవరినీ కొట్టలేదు. వాళ్లు చల్లబడితేనే నాకు కష్టం. ఆ కృష్ణబిలం భగ్గుమంటేనే రెండు వెలుగులూ నాకు అందుతాయి. నీ అర్చన అయిన వారం నుంచి ఎక్స్‌రే తగ్గిపోతోంది. నా వంతు దాటితే మళ్లీ ఎప్పుడు భగ్గుమంటుందో తెలియదు. ఇన్నేళ్ల చదువు ఆగిపోతుంది.

సుష్మ

తా.క.: మా సారు ఇది విని నవ్వి, "మీ అత్తగారు ఆ మొక్కు వెనక్కి తీసుకోగలరా?" అన్నారు. సగమే నవ్వారు.

గద్వాల

సుష్మా, భయపడకు బిడ్డా.

మళ్లీ అలంపురం వెళ్లాను. "మొన్న కలుపుమంటివి, ఇయ్యాల కొట్లాట పెట్టుమంటవా? ఏందమ్మా గిది?" అన్నారు పూజారి. "మా బిడ్డ చదువు అయ్యా, జర లొల్లి కావాలె" అన్నాను. ఆయన నాకు అమ్మవారిని చూపించి, "నువ్వే అడుగు తల్లీ, నాకు నోరు రాదు" అన్నారు. నేనే అడిగాను.

మీ అత్త

పుణె

అత్తమ్మా,

నా వంతు చివరి రోజున భగ్గుమంది! ముందు ఎక్స్‌రే, వెనకే పరారుణం, అనుకున్నట్టే. మా సారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కానీ నిజం చెప్పాలి. ఆ వెలుగు అక్కడ బయలుదేరి వేల ఏళ్లయింది. నీ మొక్కుకూ దానికీ సంబంధం లేదు.

సుష్మ

గద్వాల

చిరంజీవి సుష్మకు,

వీధి వీధంతా పటిక బెల్లం పంచాను. నీ ఉత్తరం విని మీ మామ, "సూస్తివా, నీ మొక్కుతోని కాలే" అన్నారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. నేను అడగబోయేది వేల ఏళ్ల కిందటే విని, సరిగ్గా నీ వంతుకు చేరేలా పంపిందంటే, మా జోగులమ్మ ఎంత ముందుచూపు గల తల్లి!

మీ అత్త

తా.క.: చల్లబడాలని నేను చేయించిన మొదటి అర్చన అక్కడికి చేరడానికీ వేల ఏళ్లు పడుతుంది కదా. అందాక వాళ్లను కొట్లాడుకోనీ. నువ్వు నిదానంగా చదువుకో.