తలుపు దగ్గర జర్మనీ సారు

ఆగస్టు 4, సోమవారం
సూర్యాపేట హాస్టల్. సెమినార్‌కి నాకు అంశంగా పాతకాలపు జర్మనీ తత్వవేత్త ఒకాయన వచ్చాడు. గుర్రపు జీనులు కుట్టే ఆయన కొడుకు. పుట్టిన ఊరు వదిలి దూరం పోలేదట. రోజూ ఆయన నడకకు బయల్దేరితే ఊరివాళ్లు గడియారాలు సరిచేసుకునేవారట. నాకు మాత్రం మా వేములపల్లి కాల్వ గట్టు మీదే నడుస్తున్నట్టు కనిపిస్తాడు... చేతికర్ర, పక్కన కొంగలు.
రూమ్మేట్ స్రవంతి, కోదాడ పిల్ల — "ఏంటే, ఆ తాతగారిని ప్రేమించేశావా?"
ప్రేమించాను. ఆయన్ని కాదు, మాటల్ని. 'కర్తవ్యం' — పలికితే నోట్లో చల్లని గులకరాయి.

ఆగస్టు 6
జర్మనీ సారు చెప్పింది, నా మాటల్లో: నువ్వు చేయబోయే పని లోకమంతా చేస్తే ఎట్లా ఉంటుందో చూసుకో. తర్వాతే చెయ్యి.
మెస్ క్యూలో కూడా ఇదే ఆలోచన. పప్పు పోసుకోవడం మరిచిపోయాను.

ఆగస్టు 10, ఆదివారం
ఇంటికి వచ్చాను. తెల్లవారుతుండగా పొలం — ఆకాశమంతా మడిలోనే. నాయిన పిల్లకాల్వలో దిగి ఇసుక బస్తాలు అడ్డం వేస్తున్నాడు. నీళ్లన్నీ మా మడిలోకి. ఈ వారం నీటి వంతు మాది కాదు, కాల్వ చివరి మడుల ముత్యాలు పెదనాయినది.
"నాయినా, ఇయ్యాల మనది కాదు గద?"
"ఈ నీళ్లు లేకపోతె వరి ఎండుతది బిడ్డా. అందరు చేస్తలేరా?"
అందరు... ఆ మాట దగ్గర సారు గట్టు మీద ఆగిపోయాడు. అందరూ చేస్తే చివరి మడి ఎప్పటికీ తడవదు.
నీళ్లు లేకపోతే మా వరీ ఎండుతుంది, అదీ నిజం.

ఆగస్టు 15
సెలవు. మళ్లీ ఇల్లు.
"పెదనాయిన వస్తున్నడు. నాయిన మిర్యాలగూడ పోయిండని చెప్పు" — నాయిన లోపలి అర్రలోకి.
చంపడానికి వచ్చినవాడు నీ ఇంట్లో దాక్కున్న స్నేహితుడు ఏడని అడిగినా అబద్ధమాడొద్దన్నాడు సారు. చదివినప్పుడు నవ్వుకున్నాను.
పెదనాయిన వాకిట్లో చెప్పులు విడిచాడు. ఈ కాలంలో కాళ్లకు బురద ఉండాలి. ఎండుమట్టి ఉంది.
"మీ నాయిన ఉన్నడా బిడ్డా? నీళ్లు నడిమిట్ల ఏడ పోతున్నయో సమజైతలేదు. జర వచ్చి సూడుమను. తమ్మునికైతె ఎరుకుంటది."
మా మీద అనుమానం లేదు. సాయం అడగడానికి వచ్చాడు.
"ఉన్నడు" అన్నాను.
లోపల మంచం కిర్రుమంది. నాయిన వచ్చాడు, నా మొహం చూడలేదు. "దా అన్నా, పోదాం పా." ఇద్దరూ ఒకే బండి మీద.

ఆగస్టు 16
నాయిన మాట్లాడటం లేదు. అమ్మ — "తండ్రి కంటె సదువు పెద్దగైందా?"
పొలానికి వెళ్లాను. బస్తాలు గట్టు మీద ఆరుతున్నాయి. తీసింది నాయినా, పెదనాయినా? అడగలేను. మా మడిలో నీళ్లు సన్నబడ్డాయి, ఆకాశం కూడా.
మధ్యాహ్నం కునుకులో సారు కనిపించాడు, చివరి మడి వైపు నడుస్తూ. వెనక ఎవరో... నడక నాయినలాగే ఉంది. పిలిచాను. తిరగలేదు.