మూడున్నర దాటితే ఫెయిల్

3, సోమవారం
ఉదయం 8.30. ఈ రోజు నుంచి ఎవరి మొహమూ చూడను, మీటరే చూస్తాను. పాత పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ మూడున్నర శాతం దాటిందా, ఫెయిలే. మా పొగ పరీక్ష కేంద్రం సూపర్‌వైజరు శనివారం పిలిచి అడిగారు: "ఏమ్మా, నీ దగ్గరికొచ్చిన పాత బండ్లన్నీ మూడు పాయింట్ నాలుగు దగ్గరే ఎలా ఆగుతున్నాయి?" జాలిపడి వదిలేశానని చెప్పలేను కదా. ఇంకోసారి అయితే లైసెన్సు రద్దట.
సాయంత్రం 6. ముగ్గురిని ఫెయిల్ చేశాను. ఒకాయన "నువ్వు చల్లగా ఉండాలి తల్లీ" అని తిట్టినట్టే దీవించి వెళ్ళాడు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

4, మంగళవారం
ఒకటి 3.6. ఫెయిల్. ఇంకొకటి 3.51. అదీ ఫెయిలే. ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకున్నాను. "రూలంటే రూలే. ఎవరినీ వదలకు," అని అత్తగారు మెచ్చుకున్నారు.

5, బుధవారం
ఉదయం 10. వరుసలో ముప్ఫయ్యేళ్ళ ఆకుపచ్చ కారు. స్టీరింగు ముందు మా అత్తగారు.
4.2.
"ఇంజను వేడెక్కలేదేమో, ఇంకోసారి చూడమ్మా."
న్యాయమే. పది నిమిషాలు తిప్పుకొచ్చి చూశాను. 4.1.
"నీకు డ్రైవింగు నేర్పింది ఈ కారులోనే."
"అవునత్తయ్యా. కానీ ఫెయిల్."
తాళంచెవి లాక్కుని వెళ్ళిపోయారు.
సాయంత్రం 7. అత్తయ్య అలిగి గది తలుపేసుకున్నారు. మా ఆయన టీవీకేసి కళ్ళార్పకుండా చూస్తున్నారు. టీవీ ఆపేసి ఉంది.

6, గురువారం
ఉదయం 7. అత్తయ్య కారు పాత పొగ సర్టిఫికెట్టుకు గడువు ఈ రోజే ఆఖరు. రేపు ఆవిడ ఆ కారులోనే వాళ్ళ అక్కను కంటి ఆపరేషనుకు తీసుకెళ్ళాలి. అయినా నేను ఒట్టు పెట్టుకున్నది కస్టమర్ల విషయంలో. అత్తగారు కస్టమరెలా అవుతారు?
11.00. అత్తయ్య మళ్ళీ కారు తెచ్చారు. పొగగొట్టంలోకి మీటరు కడ్డీ పూర్తిగా తోయలేదు. పొగతోపాటు బయటి గాలీ కలిసింది. 3.4. పాస్.
కడ్డీ జారిందనుకుందాం.

7, శుక్రవారం
ఉదయం 6.30. ఆసుపత్రికి బయల్దేరుతూ అత్తయ్య గుమ్మంలో ఆగారు.
"మొన్న నాలుగు దాటింది నిన్నెలా తగ్గింది? నేను దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదే."
నిజం చెప్పేశాను.
"తెలిస్తే నీ లైసెన్సు?"
"పోతుందత్తయ్యా."
"ఈ డొక్కు కారు కోసమా?" జన్మలో మొదటిసారి దాన్ని డొక్కు అన్నారు. సర్టిఫికెట్టు నా చేతిలో పెట్టి టాక్సీ పిలిచారు. "ముందు వెళ్ళి ఇది రద్దు చేయించు. మన అలకల సంగతి తర్వాత."
9.00. సూపర్‌వైజరుకు నేనే చెప్పాను. పావుగంట చీవాట్లు. వచ్చే వారమంతా సస్పెన్షన్. నా అంతట నేనే చెప్పాను కాబట్టి లైసెన్సు మిగిలింది.

17, సోమవారం
ఉదయం 8.30. మళ్ళీ మొదటి రోజు. ఎవరి మొహమూ చూడను. అత్తగారి మొహం అసలే చూడను.
9.15. వరుసలో మూడో కారు ఆవిడదే. కార్బురేటరు బాగుచేయించారు. వెనకవాళ్ళతో అంటున్నారు: "మా కోడలండీ. బతిమాలి లాభం లేదు, మెకానిక్ దగ్గరికే పొండి."
కడ్డీ పూర్తిగా లోపలికి తోశాను. 3.2.
"రీడింగు ఇంకోసారి తియ్యి. అందరూ చూస్తున్నారు."
తీశాను. 3.3.
"చాల్లే," అన్నారు అత్తయ్య. "మూడోసారి అక్కర్లేదు."