ద్రాక్షతోటల్లో హన్మంతు ఒట్టు

ఓడ మీద నుంచి, 4 జూన్ 2017

రత్నమ్మకు హన్మంతు రాయునది. పురుటింట్ల మొగోళ్లెందుకని మీరు ఓడెక్కించి ఊర్లు చూడ పంపిన నేను, వియ్యంకుడు రామలింగయ్య క్షేమం. నాటింగ్‌హామ్‌ల నువ్వు, భావన, పది దినాల మనవరాలు క్షేమమని తలుస్త. ఈ కాగితం వియ్యంకుడు ఫోన్ల ఫొటో తీసి పంపుతడు.

ఫ్రాన్సు రేవుల ఓడ ఆగితే, బస్సుల వైను చేసే తోటకు తీస్కపోయిండ్రు. ముప్పై ఏండ్లు శామీర్‌పేటల ద్రాక్ష పండించినోణ్ని, అయినా నోరు తెరిచిన. పందిరే లేదు! తీగెలు నడుమెత్తుల, బడిపిల్లల లెక్క వరుసగ నిలబడ్డయి. ఒక మొద్దుకు నూటపది ఏండ్లంట. చెప్పులు విడిచి దండం పెట్టిన.

నీ హన్మంతు

తా.క.: మనిషికి నాలుగు గ్లాసులు పోసిండ్రు. నాకు గూడ.

నాటింగ్‌హామ్, 5 జూన్

భావన నాయనకు,

ఉత్తరం ముట్టింది. దాని ఎన్క వియ్యంకుడు పంపిన ఫొటో గూడ ముట్టింది. కండ్లు మూసుకోని గ్లాసు నొసటి దాకా ఎత్తినవు. కాళ్లకు చెప్పులు లెవ్వు, ఆ సోయి గూడ లేదు. కడుపుల ఉన్నప్పుడే మనవరాలి మీద ఒట్టేసి తాగుడు మానినవు గదా! బిడ్డను ఉయ్యాలల ఏసే తొట్టెల పండుగ నాడు తాగిన చేతులకు బిడ్డనియ్య.

రత్నమ్మ

తా.క.: బిడ్డను చూడ ఇంటికొచ్చే నర్సు, హెల్త్ విజిటర్, తాత ఏడి అని అడిగింది. ఏం చెప్పాలె?

పోర్చుగల్ రేవు, 7 జూన్

రత్నమ్మకు,

వియ్యంకుడి ఫోన్ల సిగ్నల్ లేదు, నీ జవాబు ఇంకా అందలే. ఈ కాగితం గైడు ఫోన్ల నుంచి పంపుతున్నం. ఇయ్యాల కొండను మెట్లు మెట్లుగ చెక్కి, నది దాకా తీగెలు పెట్టినోళ్లను చూసిన. ఆ కష్టానికి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నేల కింద మన ఇల్లంత పీపాలు.

హన్మంతు

తా.క.: మా ఓడల వచ్చిన ఇంగిలీషోళ్లు తోటల నన్ను చూసి బూట్లు విడిచిండ్రు. గురూజీ అంటున్నరు.

నాటింగ్‌హామ్, 7 జూన్

గురూజీ గారికి,

శిష్యులతోనే ఉండుండ్రి. ఇంటికి రావద్దు.

రత్నమ్మ

ఓడ మీద నుంచి, 8 జూన్

రత్నమ్మా,

సిగ్నల్ వచ్చినంక నీ రెండు ఉత్తరాలు ఒక్కసారే చదివిన, అన్నం పక్కకు పెట్టి ఇది రాస్తున్న. మన తోటల మొదటి గుత్తి దించిననాడు కల్లు ముందుగాల నేలతల్లికి సాక పోసేటోళ్లం, మర్చిపోయినవా? గ్లాసు నొసటికెత్తి ఎల్లమ్మను తలుసుకోని, నాలుగూ తీగె మొదట్ల పోసిన. రెండు తోటల్లనూ గంతే. చుక్క నోట్లె పడితే ఆ పసిబిడ్డ మీద ఒట్టు.

పోర్చుగల్ తోట ముసలామె ఇదేందని అడిగింది. వియ్యంకుడు చెప్పిండు. ఆమె టోపీ తీసి తన గ్లాసు గూడ పోసింది. ఇంగిలీషోళ్లు క్యూ కనబడితే ఆగుతరా? ముప్పై మంది నిలబడి పోసిండ్రు.

మనవరాలిని ఎత్తుకోనియ్యి, తల్లీ.

హన్మంతు

తా.క.: ముసలామె ఒక సీసా ఇచ్చింది. సముద్రంల పారేయమంటే పారేస్త.

నాటింగ్‌హామ్, 9 జూన్

భావన నాయనకు,

చదివి ఏడ్చిన. తప్పు నాదే. కాళ్లు కడుక్కోని వచ్చి ముందుగాల నువ్వే ఎత్తుకో, ఆమె ముక్కు అచ్చం నీ ముక్కే. తొట్టెల నాడు ఇంటి ఎన్క గులాబి కుండీల సాక పోద్దాం.

రత్నమ్మ

తా.క.: సీసా పారేసేవు, బట్టల నడుమ పెట్టి పదిలంగ తే. సాకకు నాలుగు చుక్కలు చాలు. ఒట్టేసింది నువ్వు, నేను గాదు.