చవక గదిలో నాలుగు రోజులు

చిరంజీవి పిచ్చుకకు అమ్మ దీవెనలు. మోకాళ్ల సంగతి వదిలేస్తే ఇక్కడ నేను కులాసా. నువ్వూ, అల్లుడూ, మీ అత్తగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"చవక లాడ్జి చూసి పంపాను, పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉందా? మొహమాటపడకుండా చెప్పు" అని గుచ్చిగుచ్చి అడిగావు. నీ దగ్గర నాకు మొహమాటమేమిటి? సముద్రం కనిపించే గది అన్నారు. కనిపించింది, వరండా చివర నిలబడి మెడ సాచితే. వేడినీళ్లు పొద్దున ఒక్క గంటే. ఫ్యాను తిరిగిందాని కంటే మూలిగిందే ఎక్కువ. భోజనంలో ఉప్పు మాత్రం ధారాళం. కానీ మెట్లు దిగితే ఇసుకే, నాలుగు రోజులూ నాకు పని చెప్పినవాళ్లే లేరు. ఇక దుప్పట్లంటావా, ముప్పై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో ఉతికినదాన్ని, నా దగ్గరా వాళ్ల ఆటలు? ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశాను. బాగా జాడించి ఎండలో ఆరేసినవే. సగం డబ్బు అక్కడే గిట్టింది.

అయినా చేతులు ఊరుకోవు కదా. రోజూ పొద్దున్నే దుప్పటి ఉతికి వరండాలో ఆరేసి, గది తుడిచేసేదాన్ని. మూడోరోజు మేనేజరు గదులు శుభ్రం చేసే ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడకు నా వయసే ఉంటుంది.

"క్షమించండి నర్సమ్మగారూ. ఈవిడ పని నచ్చక మీరే ఉతుక్కుంటున్నారట. రేపట్నుంచి మాన్పించేస్తున్నాను" అన్నాడు. ఆవిడ చీపురు పట్టుకుని నేలచూపులు చూస్తోంది.

నర్సమ్మ ఎవరా అనుకుంటున్నావా? దిగినరోజు రిజిస్టరులో ఉద్యోగం దగ్గర నర్సునని నేనే రాశాను తల్లీ. నీ పెళ్లి మాటలప్పుడు మీ అత్తగారికి చెప్పిన అబద్ధమే, నాలుక్కి అలవాటైపోయింది. ఆ రోజు నువ్వు తలొంచుకున్నావు, గుర్తుందా? ఆరేళ్లుగా నేనొచ్చినప్పుడల్లా ఆవిడ తన బీపీ మాత్రల గురించి అడగడం, నేను నీళ్లు నమలడం. రెండో రోజుకే ఏదో వంక పెట్టి బస్సెక్కేది అందుకే. నీ మీద ప్రేమ లేక కాదు.

ఆ మేనేజరు ముందు కూడా నీళ్లు నమిలితే ఒకరి పొట్ట కొట్టినట్టే. "నేను నర్సును కాదు బాబూ, ఆసుపత్రి దుప్పట్లు ఉతికేదాన్ని. అలవాటు కొద్దీ చేశాను. ఈవిడ పనికి వంక పెట్టాలన్నా నాకేం దొరకలేదు" అనేశాను. అతను నవ్వేసి, ఆవిణ్ణి పని చూసుకోమని వెళ్లిపోయాడు.

ఆవిడ లోపలికొచ్చి, "నువ్వు కూర్చో అక్కా, ఇది నా పని" అంది.

కూర్చున్నాను. నా పక్క ఇంకొకరు వేస్తుంటే చూడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మూలలు కాస్త వదులుగానే మడిచింది, అయినా నోరెత్తలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతా నీ చలవే. పెట్టిన ప్రతి రూపాయీ గిట్టింది.

వచ్చే నెల నీ దగ్గర పది రోజులుండాలని ఉంది. ఈ ఉత్తరం దాచకుండా మీ అత్తగారి చేతికియ్యి. తప్పు నాదే, నీది కాదని ఆవిడకు తెలియాలి. చదివాక కూడా నన్ను రమ్మనాలనిపిస్తే, ఆ మాట ఆవిణ్ణే రాయమను.

ఇట్లు,
మీ అమ్మ