తగ్గిందట!

జూన్ 2, సోమవారం
మందుల ఇన్‌స్పెక్టరు వచ్చి షాపు ముందు ఫ్లెక్సీ దింపించాడు. "మామిడి జీడి పొడితో షుగరు తగ్గుతుంది" అని ప్రకటన వేయడం నేరమట. ఫ్లెక్సీ మీద ఫొటో మా ఆయన కిషోర్ బాబుది. మాట నాది. ఎం.ఏ. తెలుగు చదివింది ఇందుకా?
తీర్మానం: ఇకపై మందుల గురించి లేనిపోనిది ఒక్క అక్షరం రాయను. మనసెంత తేలికైందో!

జూన్ 4, బుధవారం
కొత్త కరపత్రం: "ఇది మామిడి టెంకలోని జీడి పొడి. వగరుగా ఉంటుంది."
నిజానికి ఇంత అందముందా!
ఆయన చదివారు. "ఏంటి సుసన్నా, ఇది పొడి అమ్మడానికా, మానిపించడానికా?"

జూన్ 7, శనివారం
ఒక్క డబ్బా కదల్లేదు. ముసునూరు నుంచి ఇంకో ట్రాక్టరు టెంకలు దిగాయి. వాకిలంతా ఈగలు. ఆయన అన్నం మీద అలిగారు.
"తగ్గవచ్చు" అంటే? వ్యాకరణం ఒప్పుకుంటుంది. చట్టం? అనుమానమే. కొట్టేశాను.
మధ్యాహ్నం: దొరికింది! "షుగరు తగ్గిందట!" నేననలేదు, ఎవరో అన్నారు. తీర్మానం చెక్కుచెదరలేదు. 'ట' అసలు అక్షరం కిందికి రాదు, ప్రత్యయం.

జూన్ 12, గురువారం
డబ్బాలన్నీ ఖాళీ! మైలవరం నుంచి కూడా ఫోన్లు.
"కీళ్ళ నొప్పులకూ ఓ 'ట' తగిలించవే," అన్నారాయన. తగిలించాను. ఉబ్బసానికీ. సంతానానికి మాత్రం ఒప్పుకోలేదు. నాకూ ఓ హద్దుంది.
సాయంత్రం: సంతానానికీ.

జూన్ 15, ఆదివారం
చర్చిలో సాక్ష్యాలు. మా అత్తయ్య మగ్దలేనమ్మ లేచారు.
"ప్రభువుకు స్తోత్రం! మావాడి పొడితో నా షుగరు తగ్గింది. మాత్రలు మానేశాను!"
'ట' లేదు. సాక్ష్యంలో ఎవరు మాత్రం 'ట' అంటారు? అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.
ఇంటికొచ్చాక అడిగాను. "పరీక్ష చేయించుకున్నారా అత్తయ్యా?"
"ఎందుకే? నువ్వే రాశావుగా."
"తగ్గిందట అని రాశానండీ."
"ఆఁ, అదే. అంత చదువుకున్నదానివి, ఊరికే రాస్తావా?"
డాక్టరుకు చూపించాలి. రేపు షాపులో రద్దీ. ఎల్లుండి.

జూన్ 16, సోమవారం
ఎల్లుండి దాకా ఆగలేదు. తెల్లారగానే అత్తయ్య పెరట్లో పడిపోయారు. ఆసుపత్రి. షుగరు మీటరుకు అందనంత పైకి పోయింది. స్పృహ లేదు.
"మాత్రలు మానమన్నదెవరు?" అంది డాక్టరమ్మ.
ఆయన గోడ వంక చూశారు. నేను ఆయన వంక చూశాను.

జూన్ 19, గురువారం
అత్తయ్య కళ్ళు తెరిచారు. కాఫీ అడిగారు, పంచదార వేసి!
కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టాను. తీర్మానం, మళ్ళీ మొదటి నుంచి: లేనిపోనిది రాయను. ప్రత్యయంతో సహా.
మాత్ర ఆవిడ చేతిలో పెట్టి అదే చెప్పాను. "ఇక రాయను అత్తయ్యా."
మింగి, నీళ్ళు తాగి, పక్క మంచం ఆవిడ వైపు తిరిగారు.
"విన్నావా? మా కోడలు ఇక రాయదట."