బోలు గుడ్డు

ఏప్రిల్ 1, శనివారం

వచ్చారు. అల్లుడు డంకన్, మనవరాలు మాడీ, మనవడు విల్ఫ్, ఇంకా నాలుగో మనిషి. ఈస్టర్ సెలవులు రెండు వారాలూ నా దగ్గరే.

నాలుగో మనిషి పేరు బెర్నీస్. కెంట్ నుంచి. ఇంగ్లండ్ ఉత్తరాన మా వెస్ట్‌మోర్లండ్ వాళ్లకి లాంకాస్టర్ దాటితే అంతా దక్షిణాదే. కెంట్ అయితే ఇంకొక్క అడుగేస్తే సముద్రంలో పడేంత దక్షిణం. తెల్ల బూట్లు వేసుకొచ్చింది. గొర్రెలు ఈనే కాలంలో, ఈ బురదలోకి, తెల్ల బూట్లు. వాటి వంక ఒకసారి చూశానంతే. బళ్లో లాటిన్ చెప్పి రిటైరైన దాన్ని. నా చూపు చాలు.

సాయంత్రం గిన్నెలు తుడుస్తూ డంకన్ అసలు సంగతి చెప్పాడు. శరత్కాలంలో ఆమెను పెళ్లి చేసుకోవాలని ఉందట. కానీ మాడీకి ఇష్టం లేకుండా చేసుకోడట. ఈస్టర్ సోమవారం దాటాక పిల్లను అడుగుతాడు. వద్దంటే అంతటితో సరి, బెర్నీస్‌కీ ఆ మాటే చెప్పాడట. మాడీకి పదేళ్లు. క్రిస్మస్ నుంచీ బెర్నీస్‌తో ఆమె మాట్లాడినవి రెండే మాటలు: థాంక్యూ, సారీ. యుద్ధంలో ఉన్నా ఆ రెండూ వదలదు. పెంపకం అలాంటిది.

నా కూతురు రోజ్ పోయాక ఇది మూడో ఈస్టర్. టీ చల్లారిపోతోంది, తాగు అన్నాను డంకన్‌తో.

ఏప్రిల్ 3, సోమవారం

పిక్నిక్. అంటే సరస్సు ఒడ్డున కారు ఆపి, అద్దాలు ఎక్కించుకుని, వానను చూస్తూ గుడ్డు శాండ్‌విచ్‌లు తినడం. ఫ్లాస్క్‌లో టీ. అద్దాలకు ఆవిరి పట్టింది. విల్ఫ్ వేలితో గొర్రెలు గీశాడు, అన్నిటికీ ఆరేసి కాళ్లు.

ఎప్పుడు దిగుదాం అని అడిగింది బెర్నీస్. వాన తగ్గాక అన్నాడు డంకన్. మా జిల్లాలో దానికి జూన్ అని అర్థం. పాపం ఆమె నమ్మింది. కాసేపు చూసి, తనే తలుపు తీసుకుని దిగి, నీళ్ల దాకా నడిచి, నిలబడి, ముద్దగా తడిసి తిరిగొచ్చింది. బావుంది అంది. ముక్కు కొసన నీటిబొట్టు.

ఆమె నడుస్తున్నంతసేపూ మాడీ చొక్కా చేతితో అద్దం తుడిచి చూసింది. ఆమె తిరిగొస్తుంటే విల్ఫ్ గీసిన గొర్రెల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ 4, మంగళవారం

వాన. మ్యూజియం. పెన్సిళ్లు చూశాం. చాలా పెన్సిళ్లు.

ఏప్రిల్ 6, గురువారం

ఎండ. అందరం అనుమానంగా ఆకాశం వంక చూసుకుంటూ గొర్రెపిల్లలకు సీసా పాలు పట్టే ఫారానికి వెళ్లాం. పిల్లను పోగొట్టుకున్న గొర్రె ఒకటి ఉంది. దాని చచ్చిన పిల్ల తోలును ఇంకో అనాథ పిల్లకు తొడిగారు. వాసన చూసి తన పిల్లే అనుకుని తల్లి పాలిస్తుంది. ఇక్కడ తరతరాలుగా చేసేదే.

డంకన్ అర్థవంతంగా నా వంక చూశాడు. ఉపమానాలు నేను పిల్లలకు నేర్పాను నాయనా, నువ్వు నాకు చూపించకు అన్నాను.

బెర్నీస్ చేసే పని గురించి ఇవాళ తెలిసింది. కట్టుడు పళ్లకు రంగు వేస్తుంది. పక్క పంటితో కలిసిపోయేలా, సన్నటి కుంచెతో. నా ముందు పన్ను కట్టుడుదని చూడగానే కనిపెట్టేసింది. మంచి పనితనం మిసెస్ ఫాసెట్, అంది. థాంక్యూ అన్నాను.

ఏప్రిల్ 8, శనివారం

గుడ్ల రోజు. ఈస్టర్ సోమవారం చర్చి వెనక గుట్ట మీంచి ఊరంతా గుడ్లు దొర్లిస్తాం. పగలకుండా ఎవరిది దూరం పోతే వాళ్లు గెలిచినట్టు. తర్వాత ఒలుచుకుని తినేయడం.

రోజ్ పద్ధతి ఒకటుంది. గుడ్డు మీద చిన్న ఫెర్న్ ఆకు అంటించి, చుట్టూ ఉల్లిపొట్టు కప్పి, పాత మేజోడులో బిగించి ఉడకబెట్టాలి. విప్పితే తేనెరంగు పెంకు మీద తెల్లటి ఆకు అచ్చు. ఇప్పుడు అది మాడీ పని. ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు.

తనూ చేయొచ్చా అని బెర్నీస్ మెల్లగా అడిగింది. మాడీ జవాబు నాకు చెప్పింది.

"ఎవరి గుడ్డు వాళ్లే చేసుకోవాలి కదా అమ్మమ్మా?"

అవునన్నాను. ఊరి నియమం అదే. బెర్నీస్ ఒక గుడ్డు తీసుకుంది. ఒక సూది అడిగి పుచ్చుకుంది. మేడ మీదికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఫ్రిజ్ తెరిస్తే చిన్న గిన్నెలో పచ్చి సొన. అర్థమైంది. వాళ్ల వైపు గుడ్డుకు రెండు చిల్లులు పొడిచి, సొన ఊదేసి, పెంకుకు రంగులేసి కొమ్మకు వేలాడదీస్తారు. దొర్లించే గుడ్డు ఉడకాలని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు మరి.

పాల కోసం వచ్చిన మాడీ నా మోచేతి పక్కనుంచి గిన్నెను చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను ఫ్రిజ్ మూశాను.

బెర్నీస్ ఓడిపోతే బావుండునని నాలో సగం కోరుకుంటోంది. సగం కన్నా కొంచెం ఎక్కువే.

ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం

ఆ సొనను పాలతో కలిపి వేయించి పొద్దున్నే విల్ఫ్‌కు పెట్టింది బెర్నీస్. వాడు ఇంకా కావాలన్నాడు. ద్రోహి.

చర్చిలో మాడీ నా చెవిలో అడిగింది, ఆమెకు చెప్పాలా అని. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు అన్నాను. పెద్దమనిషి తరహా జవాబు. పిరికి జవాబు. మాడీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మధ్యాహ్నం మాంసం కాస్త మాడింది.

ఏప్రిల్ 10, సోమవారం

గుట్ట మీద టోపీలు ఎగిరిపోయే గాలి. హెరాల్డ్ బెక్ ఎప్పటిలాగే జడ్జి, ఎప్పటిలాగే ఆ గళ్ల కోటే.

బెర్నీస్ దూదిలోంచి గుడ్డు తీసింది. ఉన్నమాట రాస్తాను. ఆ పెంకు మీద మా కొండ ఉంది, రాతి గోడ ఉంది, గోడ మీద నాచు కూడా ఉంది. మా ఇల్లు, కిటికీల్లో గింజంత మొహాలు. హెరాల్డ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని తూచాడు.

"ఏమ్మా, ఇందులో గుడ్డేదీ?"

ఊరు నవ్వలేదు. దగ్గింది. అది ఇంకా ఘోరం. బెర్నీస్ చెవుల దాకా ఎర్రబడింది. నా కోరిక తీరింది, కానీ అనుకున్నంత రుచిగా లేదు. డంకన్ ఏదో చెప్పబోతే ఆమె తల అడ్డంగా ఊపి, వచ్చాను కదా, దొర్లిస్తాను అని వంగి గుడ్డు వదిలింది.

అది కిందికి పోలేదు. గాలి అందుకుంది. మా అందరి నెత్తుల మీదుగా వెనక్కి, పైకి, గోడ దాటి ఎగిరిపోయింది. ఊరంతా తలలు తిప్పి చూసింది. ఇన్నేళ్లలో ఈ గుట్ట మీద గుడ్డు ఎక్కడం నేను చూడలేదు.

మాడీ తన గుడ్డు నా చేతిలో పెట్టి, "పట్టుకో" అని పరిగెత్తింది. వెనకాల తెల్ల బూట్లు. ఇద్దరూ ముళ్లపొదలో దూరి, గీరుకుని, దాన్ని పట్టుకొచ్చారు. కొసన కొంచెం పగిలింది. మాడీ దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని కిటికీలు లెక్కపెట్టింది.

"నలుగురమే ఉన్నాం. నువ్వు లేవేం?"

"నన్ను వేసుకోవాలా వద్దా అన్నది నేను తేల్చేది కాదు కదా," అంది బెర్నీస్.

మాడీ పగిలిన కొసను వేలితో తడిమింది. "గుడ్డు ఉడకబెట్టాలి. నాకు శనివారమే తెలుసు. చెప్పలేదు." నా వైపు వేలు చూపి, "అమ్మమ్మ కూడా చెప్పలేదు," అంది.

బెర్నీస్ నా వంక చూసింది. బడి ఇన్‌స్పెక్టర్లు నన్ను చాలామంది చూశారు. ఎవరూ అలా చూడలేదు. చూసి చూసి, ముక్కుతో పందిలా శబ్దం చేసి నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది. సారీ అన్నాను. ఈసారి మర్యాదకు కాదు.

మాడీ నా చేతిలోంచి తన గుడ్డు తీసుకుంది. రోజ్ ఆకు ఉన్న గుడ్డు. బెర్నీస్‌కు ఇచ్చింది.

"ఇది ఉడికింది. నువ్వు దొర్లించు."

ఎవరి గుడ్డు వాళ్లే దొర్లించాలని హెరాల్డ్ నోరు తెరిచాడు. నేను అతని వంక చూశాను. మూశాడు.

మూడో స్థానం వచ్చింది. గోడ పక్కన కూర్చుని, ఒలిచి, చెరిసగం తిన్నారు. ఉప్పు నా సంచిలో ఉంది. ఇచ్చాను.

ఏప్రిల్ 11, మంగళవారం

డంకన్ మాడీని అడిగాడు. సరేనందట. పెళ్లిలో తను గౌను వేసుకోదట, అదొక్కటే షరతు. బెర్నీస్ నన్ను హెస్టర్ అని పిలిచింది. పిలవనిచ్చాను.

ఏప్రిల్ 15, శనివారం

వెళ్లిపోయారు. వెనక తలుపు దగ్గర బెర్నీస్ బూట్లు మర్చిపోయింది, ఇప్పుడవి తెల్లవి కావు. వచ్చే ఈస్టర్‌కి ఉల్లిపొట్టు దాచడం మొదలుపెట్టాను. ఐదు గుడ్లకు సరిపడా.